హవల్దారుగా చేసిన నాన్నగారి జీవితం సంవత్సరీకానికి చిన్న పుస్తకంగా వేయాలి: ట్రంకులోని కాగితాలు, పతకాలు ఎలా చదవాలి?

వేగావతి (బొబ్బిలి):

మా నాన్నగారు 1963లో సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో చేరి 1985లో హవల్దారుగా రిటైరై ఇంటికొచ్చారు. ఎనభయ్యో ఏట కాలం చేశారు. సంవత్సరీకానికి బంధువులకీ, ఊళ్లోవాళ్లకీ పంచడానికి ఒక చిన్న పుస్తకం, పొలంలో ఆయన పేరున కట్టిన అరుగుకి ఒక గ్రానైట్ పలక చేయించాలని అనుకుంటున్నాం.

ట్రంకులో డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), ఇన్‌లాండ్ లెటర్ల కట్ట, మనియార్డరు కూపన్లు, యూనిట్ గ్రూప్ ఫొటోలు ఉన్నాయి. పతకాలు ఏడు: సైన్య సేవా, రక్షా 1965, పూర్వీ స్టార్, సంగ్రామ్, స్వాతంత్ర్య 25వ వార్షికోత్సవానిది, 9 ఏళ్ల సర్వీసుది, 20 ఏళ్ల సర్వీసుది. యుద్ధం సంగతులు ఆయన ఇంట్లో చెప్పింది తక్కువ. అమ్మకి సంవత్సరాలు గుర్తు లేవు.

ఏ పతకం దేనికి ఇస్తారు? చేరినప్పటి కాగితంలో శ్రీకాకుళం జిల్లా అని ఉంది, మాది విజయనగరం జిల్లా కదా, తప్పు పడిందా? రికార్డు ఆఫీసు ఇంకేమైనా ఇస్తుందా? ఒట్టి సర్వీసు జాబితాలా కాకుండా, మమ్మల్ని పెంచిన మనిషి కూడా పుస్తకంలో కనబడాలి. తెలిసినవారు చెప్పగలరు.

మహేంద్రతనయ (టెక్కలి):

వేగావతి గారూ, ముందుగా మీ నాన్నగారికి నా నమస్కారం. ఇరవై రెండేళ్ల సర్వీసు, ఏడు పతకాలూ ఇంట్లో పదిలంగా ఉన్నాయంటే సగం పుస్తకం మీ చేతిలో ఉన్నట్టే.

పతకాలు పట్టుకునే ముందు చేతులు కడిగి ఆరబెట్టుకోండి. ఒక్కొక్కటి అంచు వెలుతురుకి తిప్పి చూడండి. నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. అంచు ఖాళీగా ఉంటే అది పెరేడ్‌కి వేసుకోవడానికి బయట కొన్న నకలు అయ్యే అవకాశం ఎక్కువ. అంచు మీద హవల్దార్ బదులు ‘ఎస్‌పీఆర్’ అని ఉన్నా కంగారు పడొద్దు. అది సాపర్. ఇంజనీర్లలో సిపాయిని అలాగే పిలుస్తారు.

ఇక ఆ ఏడూ ఏం చెబుతున్నాయో చూద్దాం. రక్షా మెడల్ 1965 యుద్ధకాలంలో సర్వీసులో ఉన్నవాళ్లకి ఇచ్చింది. పోరు జరిగిన ప్రాంతంలో ఉన్నవాళ్లకి దానితో పాటు సమర సేవా స్టార్ కూడా వచ్చింది. మీ నాన్నగారికి స్టార్ లేదు కాబట్టి ‘1965లో ఫ్రంట్‌లో పోరాడారు’ అని రాయకండి. అప్పటికి ఆయన చేరి రెండేళ్లే, సర్వీసులో ఉన్నారు అని రాస్తే చాలు. 1971కి సంగతి వేరు. సంగ్రామ్ మెడల్ ఆ యుద్ధకాలంలో సర్వీసులో ఉన్నవాళ్లకి వచ్చింది. పూర్వీ స్టార్ మాత్రం తూర్పు రంగంలో ఉన్న యూనిట్లలో పనిచేసినవాళ్లకే. పడమటి రంగానికి ఇచ్చింది పశ్చిమీ స్టార్. అంటే 1971 డిసెంబరు 3 నుంచి 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయేవరకూ జరిగిన పోరులో మీ నాన్నగారు తూర్పు వైపున ఉన్నారు. ఇది గట్టి ఆధారం. అయితే సరిహద్దు దాటారా, ఏ నది దగ్గర పనిచేశారు అన్నది స్టార్ చెప్పదు. నదులు, కాలవలు నిండిన ఆ నేలలో వంతెనలు వేయడం, బల్లకట్లు నడపడం, మందుపాతరలు తీయడం ఇంజనీర్ల పని. కంపెనీ పేరు తేలేదాకా అంతవరకే రాయండి.

సైన్య సేవా మెడల్ రిబ్బను మీద అడ్డంగా ఒక లోహపు పట్టీ ఉందా చూడండి. జమ్మూ కశ్మీర్, హిమాలయ, బెంగాల్-అస్సాం, ఇలా ప్రాంతం పేరు ఉంటుంది. ఆయన కష్టమైన పోస్టింగు ఎక్కడో దాన్నిబట్టి తెలుస్తుంది. 25వ వార్షికోత్సవ పతకం 1972లో సర్వీసులో ఉన్నవాళ్లది. 9 ఏళ్లది, 20 ఏళ్లది దీర్ఘకాల సేవకి. ఈ ఏడింటిలో శౌర్య పతకం లేదు. ‘ఏడు శౌర్య పతకాల గ్రహీత’ అని అచ్చేస్తే, తెలిసిన మాజీ సైనికుడు ఒక్కడు చదివినా నొచ్చుకుంటాడు. అలా రాయడం మీ నాన్నగారికి గౌరవం కూడా కాదు. పూర్వీ స్టార్ దానికదే చాలా పెద్ద మాట.

డిశ్చార్జి బుక్కులో చేరిన తేదీ, ప్రమోషన్లు, ట్రేడు, పాసైన పరీక్షలు, ఇంటికి పంపిన కారణం వరుసగా రాసుకోండి. ప్రవర్తన అన్న చోట ‘ఎగ్జెంప్లరీ’ (ఆదర్శప్రాయం) అని ఉంటే ఆ పేజీ ఫొటో యథాతథంగా పుస్తకంలో వేయండి. సైన్యంలో అది తేలిగ్గా ఇచ్చే మాట కాదు.

రికార్డు ఆఫీసు సంగతి. మద్రాస్ ఇంజనీర్ గ్రూపు రికార్డులు బెంగళూరులో ఉంటాయి. అమ్మగారి సంతకంతో ఉత్తరం రాయండి. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, ఆయన తండ్రి పేరు, చేరిన తేదీ, వచ్చేసిన తేదీ అందులో ఉండాలి. పీపీఓ, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం నకళ్లు జతచేయాలి. ‘వివరాలన్నీ పంపండి’ అని అడిగితే తిప్పలే. పనిచేసిన యూనిట్ల పేర్లు తేదీలతో, పొందిన పతకాలు, ప్రమోషన్ తేదీలు, పార్ట్ టూ ఆర్డర్లలో (జవాను వివరాల్లో మార్పులు నమోదు చేసే యూనిట్ ఉత్తర్వులు) నమోదైన కుటుంబ వివరాలు అని నాలుగు ముక్కల్లో అడగండి. బదులు రాకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో అవే నాలుగు ప్రశ్నలు పెట్టండి, 30 రోజుల గడువు ఉంటుంది. రెజిమెంట్ చరిత్ర కావాలంటే అదే ఊళ్లో మద్రాస్ సాపర్స్ (మీ నాన్నగారి గ్రూపుకే ఇంకో పేరు) మ్యూజియం ఉంది.

ఈ ప్రశ్న చదివే మిగతావాళ్ల కోసం: ఆర్టిలరీ రికార్డులు నాసిక్‌లో, ఈఎంఈ (యంత్రాలు, వాహనాల మరమ్మతు విభాగం), ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి విభాగం) రికార్డులు సికింద్రాబాద్‌లో, సిగ్నల్స్‌వి జబల్పూర్‌లో, మద్రాస్ రెజిమెంట్‌వి వెల్లింగ్టన్‌లో. రిటైరయ్యాక డీఎస్‌సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) చేరినవాళ్లకి రెండో సర్వీసు కాగితాలు కన్నూర్‌లో విడిగా ఉంటాయి. చాలామంది ఇది మర్చిపోతారు.

చంపావతి (గజపతినగరం):

జిల్లా విషయంలో తప్పేం లేదు. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంతకుముందు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలోవి. మా గజపతినగరం, ఎస్.కోట వైపు విశాఖ జిల్లా. 1963 కాగితంలో శ్రీకాకుళం జిల్లా అని ఉండటమే సరైనది. పుస్తకంలో ‘అప్పటి శ్రీకాకుళం జిల్లా, బొబ్బిలి తాలూకా’ అని రాయండి. రాజాం వైపు వాళ్లకి ఇప్పుడు ఇదే చిక్కు తలకిందులుగా వచ్చింది, 2022లో అది శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారింది కదా.

నాన్నగా ఆయన కనబడాలి అన్నారు. దానికి పతకాల కన్నా ఆ మనియార్డరు కూపన్లే విలువైనవి. ఒక్కో కూపన్‌కి తేదీ, మొత్తం, కింద రాసిన రెండు ముక్కలు ఒక నోటుబుక్కులో వరుసగా ఎక్కించండి. ఏ నెలలో మొత్తం పెరిగిందో చూడండి. జూన్, జులైల్లో పెరిగితే బడి పుస్తకాలకో, ఊడుపు కూలీలకో పంపి ఉంటారు. పెరిగిన నెలని మీ అన్నదమ్ముల స్కూలు సర్టిఫికెట్లతో సరిపోల్చితే, ఎవరు ఏ తరగతిలో చేరినప్పుడు ఆయన ఎంత పంపారో బయటపడుతుంది. కూపన్ మీద రాసింది ‘పిల్లకి మందు ఆపొద్దు’ లాంటి చిన్న మాటే అయినా, ఆ చేతిరాతని అలాగే అచ్చేయండి. దాని కింద మీ వ్యాఖ్య అక్కర్లేదు.

ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు, ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) నంబరే ఉంటుంది. స్థూలంగా 99 ఏపీఓ అంటే ఈశాన్యం, తూర్పు. 56 ఏపీఓ అంటే ఉత్తరం, పడమర. తపాలా ముద్రలో తేదీ అరిగిపోతే కాగితాన్ని ఏటవాలు వెలుతురులో పెట్టి చూడండి, చాలావరకు చదవొచ్చు. 1971 అక్టోబరు నుంచి 1972 మార్చి వరకు ఉన్న ఉత్తరాలు విడిగా తీయండి. వాటిలో యుద్ధం గురించి ఏమీ ఉండదు, సెన్సారు భయం. పంట, పిల్లలు, ఇంటి కప్పు గురించే ఉంటుంది. తూర్పు రంగంలో ఉండి ఇంటి కప్పు గురించి అడిగిన మనిషి ఎలాంటివాడో చదివినవాళ్లకి దానంతటదే తెలుస్తుంది.

అమ్మగారిని ‘ఏ సంవత్సరం’ అని అడక్కండి. సెలవుకి వచ్చినప్పుడు వరి ఊడుపా, కోతా? పైడితల్లమ్మ సిరిమానుకి ఉన్నారా, సంక్రాంతికా? విజయనగరంలో రైలు దిగి బొబ్బిలికి ఎలా వచ్చేవారు, ట్రంకు ఎవరు మోసేవారు? కొండల్లో గిరిజన పోరాటం నడిచిన రోజులకి ముందా, తరవాతా (అది 1967-70)? విజయనగరం జిల్లా కాకముందా? ఇలా అడిగితే సంవత్సరం దానంతటదే తేలుతుంది. వార్షిక సెలవు రెండు నెలలు కాబట్టి ఒక్కో రాక చుట్టూ బోలెడు సంగతులు ఉంటాయి. రోజుకి అరగంట మించి కూర్చోబెట్టకండి, ఫోన్‌లో రికార్డు చేసి ఆ రాత్రే రాసుకోండి.

ఇంకో మాట. పిల్లలు పుట్టిన ప్రతిసారీ జవాను యూనిట్‌లో చెప్పి పార్ట్ టూ ఆర్డర్ వేయించాలి. అందులో మీ పుట్టిన తేదీకీ, స్కూలు తేదీకీ తేడా ఉండొచ్చు. పుస్తకంలో ఇంట్లో జరుపుకునే తేదీ వేసుకోండి, కాగితంలో తేదీని మాత్రం దిద్దకండి.

సాలూరు_ఘాట్:

ఫొటోలు, కాగితాల గురించి నాకు తెలిసింది.

గ్రూప్ ఫొటోకి తేదీ కట్టాలంటే చేతి మీద పట్టీలు లెక్కపెట్టండి: ఒకటి లాన్స్ నాయక్, రెండు నాయక్, మూడు హవల్దార్. డిశ్చార్జి బుక్కులోని ప్రమోషన్ తేదీలతో కలపండి. ఛాతీ మీద రిబ్బన్లు కూడా చూడండి, పూర్వీ రిబ్బను ఉంటే 1971 తరవాతిదే. రిబ్బన్లు ఎడమ ఛాతీ మీద ఉండాలి. ఆయన కుడి ఛాతీ మీద కనబడితే స్టూడియోవాడు నెగెటివ్ తిరగేసి కడిగాడని అర్థం, స్కాన్ చేశాక అద్దంలో కనబడినట్టు కుడి ఎడమలు తిప్పుకోండి.

ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని పీకొద్దు, పైపొర అద్దంతో ఊడొస్తుంది. అద్దం మీద నుంచే స్కాన్ చేయించండి. ఫొటోలకి 600 డీపీఐ, కాగితాలకి 300 చాలు. ఫోన్ యాప్‌లో రంగులు అద్దించకండి. అవి రిబ్బను రంగులు, టోపీ మీద బ్యాడ్జి, ఒక్కోసారి ముఖం కూడా మార్చేస్తాయి.

డిశ్చార్జి బుక్కు, పీపీఓ లామినేషన్ చేయించొద్దు. వేడికి పాత సిరా పాకుతుంది, మళ్లీ విప్పడం కుదరదు. ప్రింటింగ్ ప్రెస్‌కి అసలువి ఇవ్వొద్దు, స్కాన్లే ఇవ్వండి. పతకాలకి బ్రాసో పాలిష్ పెట్టి రుద్దొద్దు, అంచు మీద పేరు అరిగిపోతుంది. గంజి పెట్టని ఉతికిన నూలు గుడ్డలో విడివిడిగా చుట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి. కలరా ఉండలు రిబ్బన్లకి, ఫొటోలకి తగలకూడదు.

అమ్మగారి పేరున ఫ్యామిలీ పెన్షన్ మొదలైందా? కాకపోతే పుస్తకం కన్నా ముందు అది. రక్షణ శాఖ పెన్షన్ల స్పర్శ్ పోర్టల్‌లో మరణం నమోదు చేయాలి, నాన్నగారి ఖాతాలో తరవాత పడిన పెన్షన్ తీయకూడదు, అది వెనక్కి వెళ్తుంది. 1985 నాటి పీపీఓలో భార్య పేరు లేకపోవడం మామూలే. అలా ఉంటే విజయనగరం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి అసలు కాగితాలతో వెళ్లండి. పేరు ముక్కలు కలిపి రాశారా, విడగొట్టి రాశారా, ఆధార్‌లో ఎలా ఉంది అన్నది ముందే చూసుకోండి, ఎక్కువ ఆలస్యం అక్కడే. అమ్మగారికి 80 నిండితే 20 శాతం అదనంగా వస్తుంది, 85కి 30 శాతం.

వేగావతి:

అందరికీ చేతులెత్తి దండం. ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. సైన్య సేవా మెడల్ మీద పట్టీ ఉంది, బెంగాల్-అస్సాం. కూపన్లు ఎక్కించడం మొదలుపెట్టాం. పలక మీద మూడు సింహాల గుర్తు, పైన జెండా రంగులు వేయిద్దామని తమ్ముడు అంటున్నాడు. పేరు ముందు రిటైర్డ్ హవల్దార్ అని రాయొచ్చా?

మహేంద్రతనయ (టెక్కలి):

మూడు సింహాలు వద్దు. అది ప్రభుత్వ చిహ్నం, సొంత పలకల మీద వాడకూడదని 2005 చట్టం ఉంది. జెండా రంగుల బదులు పూర్వీ స్టార్ బొమ్మ చిన్నగా చెక్కించండి, అది ఆయన సంపాదించుకున్నది.

ర్యాంకు రిటైర్ కాదు, మనిషి రిటైర్ అవుతాడు. అందుకని ముందు హవల్దార్, తరవాత పేరు, చివర రిటైర్డ్. ఆయనకి రిటైరయ్యాక గౌరవ నాయిబ్ సుబేదార్ హోదా వచ్చిందేమో పీపీఓలో చూడండి. కొంతమంది హవల్దార్లకి ఇస్తారు, ఇంట్లోవాళ్లకి తెలియకుండా కాగితంలో ఉండిపోతుంది. ఉంటే అదే రాయాలి.

పలకకి ఏడు వరసలు మించొద్దు: ర్యాంకు పేరు, ఆర్మీ నంబరు, మద్రాస్ ఇంజనీర్ గ్రూపు 1963-1985, 1971 తూర్పు రంగం, పుట్టిన, పోయిన తేదీలు, అమ్మగారి పేరు, మీ పేర్లు. అక్షరం ఎత్తు కనీసం అంగుళం ఉండాలి. లోతుగా చెక్కించండి. పైపైన బంగారు రంగు వేస్తే మన ఎండకీ, వానకీ తొందరగా పోతుంది, లోతుగా చెక్కితే రంగు పోయినా చదవొచ్చు. మా టెక్కలి నీలి గ్రానైట్ ముదురు రంగు, తెల్ల అక్షరం బాగా కనబడుతుంది.

పుస్తకం పేజీలు నాలుగుతో భాగించేలా ఉంటే మధ్యలో పిన్ను కొట్టొచ్చు, పదహారు సరిపోతాయి. మీరు ఫోన్‌లో టైప్ చేసింది యూనికోడ్, చాలా ప్రెస్సుల్లో యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్స్ వాడతారు. మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోతాయి. అచ్చుకి ముందు పీడీఎఫ్ తెప్పించుకుని ఒకరు డిశ్చార్జి బుక్కు పట్టుకుని చదువుతుంటే ఇంకొకరు ప్రూఫ్‌లో చూడండి. ఆర్మీ నంబరు అంకె అంకెగా, చివరి ఇంగ్లీషు అక్షరంతో సహా సరిచూడండి. పలక చెక్కేవాడికీ ఆ కాగితమే ఇవ్వండి, నోటితో చెప్పొద్దు.