వేట నిషేధం 61 రోజులు: బోటుకు భృతి సరే, బుట్టకు?

బ్రాడీపేట పాఠకుడు:
ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేటకు నిషేధం మొదలవుతుంది. అది దాటితే మా వీధికి నిజాంపట్నం నుంచి బస్సులో వచ్చే చేపలమ్మ కనపడదు. (2022లో ఆ ఊరు బాపట్ల జిల్లాలోకి వెళ్ళినా మాకు ఇంకా గుంటూరు చేపే.) జూన్ చివర్లో వచ్చినప్పుడు ఈ రెండు నెలలూ ఎలా గడిచాయని అడిగాను. "మా ఆయన బోటెక్కుతాడు కాబట్టి సర్కారు భృతి ఇరవై వేలు పడ్డాయి బాబూ. మా తోడికోడలికి మొగుడు లేడు, ఆమెకేమీ రాలేదు" అంది. ఇద్దరూ మోసేది అదే బుట్ట. నిషేధం ఉండాల్సిందే. భృతి మాత్రం బోటు దగ్గరే ఆగిపోతే ఎలా?

కృష్ణలంక కుర్రాడు:
అసలు నిషేధమే ఎక్కువంటాను. 2014 దాకా 47 రోజులు, మే 31తో సరి. 2015 నుంచి 61 చేశారు. ఇరవై వేలను 61తో భాగించండి, రోజుకు 328 రూపాయలు. కూలికి పోయినా ఇంతకంటే ఎక్కువే.

చేపల పులుసు:
తమ్ముడూ, 2019కి ముందు ఇచ్చింది నాలుగు వేలు. ఆ ఏడు పది చేశారు, 2025లో ఇరవై. చాలదు, ఒప్పుకుంటా. కానీ రోజులు తగ్గించమనకు. మాది సూర్యలంక పక్కన, ఉద్యోగం బెజవాడలో. చిన్నప్పుడు మే నెలలో వల లాగితే కడుపు నిండా సన (గుడ్లు) ఉన్న చేపలే పడేవి. కూరకు బ్రహ్మాండం. మా తాత మాత్రం గుడ్లు పెట్టాల్సిన చేపలు వలలో పడ్డాయని విసుక్కునేవాడు.
ఇంకోటి, నిషేధం మరబోట్లకూ ఇంజిను పడవలకూనే, ఇంజిను లేని తెప్పలకు లేదు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు చిన్న పడవలది, మరబోటు అటు రాకూడదు. 1994 నుంచీ చట్టం ఉంది. ఆ హద్దు ఏడాది పొడుగునా నిలబడితే తెప్పవాడికి భృతి కంటే అదే మేలు.

కృష్ణలంక కుర్రాడు:
8 కిలోమీటర్ల మాట నిజమే అన్నా. మరి మే నెలలో మా బజార్లో సముద్రపు చందువ చేపలు ఎక్కడివి? దొంగ వేట కాదా?

చేపల పులుసు:
అన్నీ కాదు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31. ఏప్రిల్, మే నెలల్లో అటు సరుకు ఐసులో రావచ్చు. మిగతా రోజులు కైకలూరు వైపు చెరువుల బొచ్చె, శీలావతి ఎలాగూ ఉన్నాయి. బెజవాడలో కంచం ఖాళీ కాదు కాబట్టి సముద్రం ఆగిందని మనకు తెలియదు.

గట్టు మీద గుమస్తా:
బుట్టకు భృతి అంటున్నారు, లెక్క ఎలా? బోటుకు రిజిస్ట్రేషన్ నంబరుంది. బుట్టకేముంది? డబ్బు పడుతుందంటే జూన్ కల్లా ఊరంతా చేపలమ్మేవాళ్ళే.

బ్రాడీపేట పాఠకుడు:
ఆ భయం ఉంది. కానీ జెట్టీ దగ్గర తెల్లవారుజామున వేలంపాటలో కొనేది ఎవరో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. డ్వాక్రా సంఘాల పేర్లతో సరిచూడొచ్చు. ఒకరిద్దరు దొంగపేర్లు దూరతారని నిజమైనవాళ్ళను మానేస్తామా?

గట్టు మీద గుమస్తా:
ఒకరిద్దరైతే సరేనండీ. సంఘంలో లేని ముసలావిడల సంగతి?

బ్రాడీపేట పాఠకుడు:
అది నేను ఆలోచించలేదు. శనివారం మా చేపలమ్మ వస్తుంది. తోడికోడలు సంఘంలో ఉందో లేదో కనుక్కుని ఇక్కడే రాస్తా.