విండోస్‌లో సంక్రాంతి థీమ్ పెట్టబోతే బ్రౌజర్ మారిపోయింది

ప్రశ్న (బైరాగిపట్టెడ, తిరుపతి):
నమస్కారమండి. మాది జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం. మూడు కంప్యూటర్లలోనూ విండోస్ 10 ఉంది. పెద్ద పండుగకు తెరల మీద ముగ్గులు కనిపించేలా చేద్దామని ఒక సైటు నుంచి ‘సంక్రాంతి థీమ్’ అనే ఫైలు దించుకున్నాను. దాని ఐకాన్ కూడా చుక్కల ముగ్గే. తెరిస్తే నాలుగైదు సార్లు ‘నెక్స్ట్’ నొక్కించుకుంది గానీ వాల్‌పేపర్ మారలేదు. పైగా బ్రౌజర్ తెరవగానే ఎన్నడూ చూడని సెర్చ్ పేజీ వస్తోంది. మిగిలిన రెండింటిలో ఇంకా పెట్టలేదు. ఏం చేయమంటారు?

జవాబు (చిత్తూరు):
ఆ రెండింటి జోలికి పోకండి. మీరు దించుకున్నది థీమ్ కాదు, ప్రోగ్రామ్. ఫైలు పేరు చివరి తోకను విండోస్ మామూలుగా దాచిపెడుతుంది కాబట్టి మీకు ముగ్గు ఐకాన్ ఒక్కటే కనిపించింది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’ కింద ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’కు టిక్ పెట్టి చూడండి, చివర ‘ఈఎక్స్ఈ’ (ప్రోగ్రామ్ ఫైలుకు ఉండే తోక) అని ఉంటుందని నా అంచనా. అసలైన థీమ్ ఫైలుకు విండోస్ 7 కాలం నాటిదైతే ‘థీమ్‌ప్యాక్’ అనీ, 8 నుంచి ‘డెస్క్‌థీమ్‌ప్యాక్’ అనీ తోక ఉంటుంది. అందులో ఉండేది బొమ్మలు, రంగులు, శబ్దాల మూట మాత్రమే కనుక తెరవగానే అమలైపోతుంది, ‘నెక్స్ట్’ అని అడగదు.

ఇప్పుడు సెట్టింగ్స్‌లోని ‘యాప్స్’ జాబితాను ఇన్‌స్టాల్ తేదీ వరుసలో అమర్చి, ఆ రోజు మీకు తెలియకుండా చేరినవాటిని తీసేయండి. బ్రౌజర్‌లోని కొత్త ఎక్స్‌టెన్షన్లను (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములను) కూడా తొలగించి, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ చేయండి. జనం ఆధార్ కాపీలు తిరిగే కంప్యూటరు కదా, పాస్‌వర్డులు వేరే కంప్యూటరు నుంచి మార్చుకోవడం మంచిది.

జవాబు (చంద్రగిరి):
ముగ్గుల కోసం సైట్లు వెతకడమెందుకండీ? భోగి నాడు మీ వీధిలో ఒకసారి నడిస్తే చాలు. ఫొటోలను అడ్డంగా తీసి ఒక ఫోల్డర్‌లో వేయండి. సెట్టింగ్స్‌లోని ‘పర్సనలైజేషన్’లో ‘బ్యాక్‌గ్రౌండ్’ను ‘స్లైడ్‌షో’గా మార్చి, ఆ ఫోల్డర్ చూపించి, ‘థీమ్స్’లోకి వెళ్లి సేవ్ చేయండి. దాని మీద రైట్ క్లిక్ చేసి ‘సేవ్ థీమ్ ఫర్ షేరింగ్’ అంటే డెస్క్‌థీమ్‌ప్యాక్ తయారవుతుంది. దాన్నే పెన్‌డ్రైవ్‌లో మిగతా వాటికి తీసుకెళ్లవచ్చు. అయితే ఇప్పుడున్న అమరికను వేరే పేరుతో ముందే సేవ్ చేసుకోండి, కనుమ దాటాక ఒక్క క్లిక్కుతో వెనక్కి రావచ్చు. నేను రంగంపేట పశువుల పండుగ ఫొటోలతో ఇలాగే చేసుకున్నాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అది ఈఎక్స్ఈయేనండి. తీసేశాక పాత సెర్చ్ పేజీ వచ్చింది, స్కాన్ కూడా పూర్తయింది. పోయినేడు మా ఇంటి ముందు మా ఆవిడ వేసిన ముగ్గు ఫొటోలతోనే థీమ్ చేశాను. ఒక్కటే చిక్కు: ఎడమ పక్క ఐకాన్ల వరుస సరిగ్గా గొబ్బెమ్మ మీద పడుతోంది.

జవాబు (చంద్రగిరి):
ముగ్గు కుడి వైపుకు వచ్చేలా ఫొటోను క్రాప్ చేయండి. లేదా డెస్క్‌టాప్‌పై రైట్ క్లిక్ చేసి, ‘వ్యూ’లో ‘ఆటో అరేంజ్’ టిక్ తీసేసి, ఐకాన్లనే కుడి పక్కకు లాక్కోండి.