పెద్దవాళ్లకి చదువు చెప్పడానికి ఎవరు సాయం చేస్తారు?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఆరు నెలలుగా రాత్రి ఏడున్నరకి మా అరుగు మీద 11 మంది ఆడవాళ్లకి చదువు చెబుతున్నాను. అందరూ ఉపాధి పనికి వెళ్లొచ్చేవాళ్లే. సంతకం వచ్చింది, అక్కడే ఆగిపోయాం.

నా దగ్గరున్నవి మా పాప ఒకటో తరగతి పుస్తకాలు. ‘అ అంటే అరటి’ అనగానే మా అత్తమ్మ నవ్వేసి, "అరటి నాకు తెలీదేటి? నా జాబ్ కార్డులో ఏటి రాశారో అది చెప్పు" అంది. నిజమే కదా! పైగా సగం మందికి చత్వారం, చిన్న అక్షరాలు ఆనవు. వత్తులొస్తే పలక పక్కన పెట్టేస్తారు.

పెద్దవాళ్లకి చదువు నేర్పే కేంద్ర పథకం సాక్షర భారత్ 2018లో ఆగిపోయింది. 2022లో వచ్చిన ఉల్లాస్ పథకం 15 ఏళ్లు దాటినవాళ్లకి, వలంటీర్లు యాప్‌లో నమోదవ్వచ్చు. వివరాలకి ఓ ఆఫీసుకి రెండుసార్లు తిరిగాను, "సార్ లేరు" అన్నారు. 2011 జనాభా లెక్కల్లో మా జిల్లా అక్షరాస్యత 58.89 శాతమే, ఇక్కడ కాక ఇంకెక్కడ చేస్తారో ఈ పని!

పెద్దక్షరాల వయోజన వాచకాలు ఇచ్చే సంస్థలు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉన్నాయా? పెద్దలకి ఎలా నేర్పాలో పరిశోధన చేసే ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు మాలాంటి బయటివాళ్లకి శిక్షణ ఇస్తారా? ఎవరైనా వెళ్లొచ్చుంటే ఎవరిని కలవాలో చెప్పండి.