అప్‌డేట్: వెల్ష్‌లో ‘పైడ్’ చిక్కుముడి వీడింది

వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో అక్కడి భాష వెల్ష్ నేర్చుకుంటూ, ‘పెయ్‌డ్యో’ అంటే ‘మానడం’ అయినప్పుడు ‘పైడ్’ అంటే ‘వద్దు’ ఎలా అవుతుందని అడిగింది నేనే. ‘ఏడవడం మాను’ అనే మన మాటతో పోల్చి చెప్పినవారికి చాలా థాంక్స్. సగం టెన్షన్ అక్కడే పోయింది.

మిగతా సగం మొన్న పార్కులో తీరింది. ఒక చిన్న బాబు బురదగుంటలోకి దూకబోతుంటే వాళ్ళ అమ్మమ్మ ‘పైడ్!’ అంది. వాడింకా దూకనే లేదు! మన ‘మాను’ అయితే మొదలుపెట్టిన పనికే సరిపోతుంది. వెల్ష్‌లో ఆ షరతు లేదు, ‘దూకకు’ అన్నట్టే. పెద్దవాళ్ళకు, పదిమందికి ‘పెయ్‌డ్యుఖ్’ అనాలి.

‘పైడ్’ తర్వాత, వద్దనే పనికి ముందు ‘ఆ’ వస్తుంది, అచ్చు ముందు ‘ఆగ్’. ఈ ‘ఆ’ తర్వాతి మాట ‘ప’, ‘త’, ‘క’లతో మొదలైతే ఆ మొదటి అక్షరాన్నీ మార్చేస్తుంది: ‘పోయ్‌ని’ అంటే దిగులుపడటం, ‘పైడ్ ఆ ఫోయ్‌ని’ అంటే దిగులుపడకు. నాకు చాలా ఇష్టమైన వాక్యం ఇదే. మాటల్లో ఆ ‘ఆ’ను తరచూ మింగేస్తారు కూడా.

‘వెళ్ళకుండా ఉండటం’ అనడానికీ ఇదే క్రియ: ‘పెయ్‌డ్యో ఆ మిండ్’. కానీ ‘నేను వెళ్ళడం లేదు’ అనే మామూలు వాక్యానికి ఇది పనికిరాదు, అక్కడ ‘దిమ్’ కావాలి. నేను ఇన్నాళ్ళూ రెండూ కలిపేశాను.

ఇప్పుడు ‘ఆ’ తర్వాత వచ్చే ‘త’, ‘క’ల మార్పులు సాధన చేస్తున్నాను.