ఈ పోస్టుకార్డు ఏ ఊరిదో ఎలా తెలుస్తుంది?

మేం ఇంగ్లండ్‌లో, నార్‌ఫోక్‌లో ఉంటున్నాం. ఆదివారం సంతలో ఒక పాత ఆల్బమ్ కొన్నాను. అందులో ఒక ఫొటో కార్డు: గడ్డిబండి, రెండు గుర్రాలు, చక్రం పక్కన నడుం మీద చేతులతో కెమెరాను కోపంగా చూస్తున్న ముసలాయన. అచ్చం మా తాతే!

వెనక ఏడో ఎడ్వర్డ్ బొమ్మతో ఆకుపచ్చ అరపెన్నీ స్టాంపు ఉంది. 1918 జూన్‌లో కార్డుకి తపాలా ఖర్చు అరపెన్నీ నుంచి పెన్నీ చేశారు కాబట్టి అంతకు ముందుదే. చిరునామా లండన్‌ది. పోస్టు ముద్రలో ఊరి పేరు చివరి 'హామ్' ఒక్కటే కనబడుతోంది. ఫేకెన్‌హామ్, డెరెహామ్... ఇక్కడ అలాంటి ఊళ్ళకు లెక్కలేదు. ఫొటోలో గుండ్రని చర్చి గోపురం ఉంది గానీ అవీ ఈ జిల్లాలో వందకు పైనే.

ఉత్తరం రాసిన ఎడమ సగం ఆల్బమ్ కాగితానికి అతుక్కుపోయింది. ఆవిరి పట్టొచ్చా, ఫొటో పాడవుతుందా? చేసినవాళ్ళెవరైనా చెప్పండి. ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది.