జపనీస్ పిచ్ యాక్సెంట్ మీ చెవికి ఎలా పట్టింది? అనుభవాలు చెప్పండి

చింతచిగురు
జేఎల్‌పీటీ (జపనీస్ భాషా పరీక్ష)లో ఎన్3 స్థాయి అయింది, ఎన్2కి చదువుతున్నాను. కాంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు), గ్రామర్ ఎలాగో లాక్కొస్తున్నా. మాట్లాడటం కోసం ఆన్‌లైన్‌లో ఒక టోక్యో ఆవిడ దగ్గర క్లాసులు తీసుకుంటున్నా. ఆవిడ "అమె" అని ఇది వాన అంటారు. మళ్ళీ "అమె" అని ఇది చప్పరించే మిఠాయి బిళ్ళ అంటారు. నాకు రెండూ అచ్చం ఒకటే. రెండోది కాస్త ముద్దుగా అన్నట్టు ఉంది, అంతే. జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్షే లేదు కదా, ఇదంతా ఇప్పుడు అవసరమా? అవసరమైతే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంగ్లిష్ వీడియోలు చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు. తెలుగువాళ్ళు ఎవరైనా దీన్ని దాటినవాళ్ళుంటే చెప్పండి.

గ్రాఫుల_రాజు
"కాస్త ముద్దుగా అన్నట్టు ఉంది" అన్నారు చూడండి, తిరకాసంతా అక్కడే. మీ చెవి తేడా పట్టింది. కాకపోతే దాన్ని మాట ఖాతాలో వేయకుండా మనిషి మూడ్ ఖాతాలో వేసింది. మనకి గొంతు ఎత్తడం, దించడం అంటే మనసులో ఏముందో చెప్పడమే. "వస్తాడు" అని దించి అంటే వస్తాడనే. అదే సాగదీసి ఎత్తి అన్నామా, ఇక వాడు రాడని అందరికీ తెలిసిపోతుంది. మాట మాత్రం అదే మాట. జపనీస్‌లో ఆ ఎత్తు, పల్లం మాటకే అతుక్కుని ఉంటాయి. ఏడుస్తూ చెప్పినా, నవ్వుతూ చెప్పినా వాన వానే.

టోక్యో యాసలో పట్టుకోవాల్సింది ఒక్కటే: మాటలో గొంతు ఎక్కడ పడుతుంది, లేదా అసలు పడదా. పడే చోట ↓ పెడుతున్నా.

అ↓మె అంటే వాన. ↓ లేని అమె అంటే బిళ్ళ. క↓కి అంటే ఆయిస్టర్, కకి అంటే పెర్సిమన్ పండు. ఇక అందరూ చెప్పే ఉదాహరణ: హ↓షి అంటే చాప్‌స్టిక్స్, హషి↓ అంటే వంతెన, హషి అంటే అంచు. చివరి రెండూ విడిగా అంటే ఒక్కలాగే వినిపిస్తాయి. పక్కన "గ" (మన విభక్తి లాంటి ప్రత్యయం) చేర్చండి. హషి↓గ అన్నప్పుడు "గ" కింద పడుతుంది (వంతెన), హషిగ అన్నప్పుడు పైనే ఉంటుంది (అంచు). అందుకే నామవాచకం నేర్చుకుంటే పక్కన గ, వ, ఓ ఏదో ఒకటి తగిలించే నేర్చుకోండి. ఒట్టి మాట నేర్చుకుంటే సగమే నేర్చుకున్నట్టు.

మాట మొదట్లో కిందనుంచి పైకి లేస్తుంది అని చెబుతారు కదా, దాని గురించి బెంగ వద్దు. అది మాటది కాదు, పలుకు మొదలుపెట్టడంలో వచ్చేది. "కొనొ హషి↓గ" (ఈ వంతెన) అన్నప్పుడు "హ" దగ్గర కొత్తగా లేవదు, "నొ" దగ్గరే లేచి ఉంటుంది. ఎన్‌హెచ్‌కే (జపాన్ రేడియో, టీవీ సంస్థ) వాళ్ళ యాక్సెంట్ నిఘంటువు 1943 నుంచి ఉంది. 2016 కూర్పులో పైన గీసే పొడుగు గీత తీసేసి, పడే చోట మాత్రం ఒక ఏటవాలు గీత పెట్టారు. వాళ్ళే పడటం ఒక్కటి చాలన్నాక మనకెందుకు మిగతాది?

నిఘంటువుల్లో సున్నా, ఒకటి, రెండు అని అంకెలు కనిపిస్తాయి. ఎన్నో మాత్ర తర్వాత పడుతుందో ఆ అంకె. సున్నా అంటే పడదు. అతమదక, నకదక, ఒదక, హెయిబాన్ అనే పేర్లన్నీ ఈ అంకెలకి పెట్టిన ముద్దుపేర్లే.

రామెన్_రెడ్డి
నా మాట వినండి, టైమ్ దండగ. ఏళ్ళ తరబడి నగోయాలో ఉంటున్నా, ఆఫీసులో రోజంతా జపనీసే. చాప్‌స్టిక్స్ అడిగితే వంతెన తెచ్చి ఇచ్చినవాడు ఇంతవరకూ ఎవడూ లేడు. వాక్యంలో పడితే అన్నీ వాటంతట అవే తెలుస్తాయి. కెయిగో (మర్యాద భాష) మీద పెట్టండి ఆ టైమ్. క్లయింట్ ముందు పరువు అక్కడ పోతుంది, ఇక్కడ కాదు.

తెల్లకోటు
రెడ్డి గారు చెప్పింది ఆఫీసు వరకూ నిజమే. మా దగ్గర కథ వేరు. నేను సైతామాలో వృద్ధుల హోమ్‌లో కేర్‌గివర్‌ని, తొకుతెయి గినో (నైపుణ్యమున్న విదేశీ పనివాళ్ళ) వీసా మీద వచ్చాను (2019లో మొదలైందే ఆ వీసా). రోజుకి వందసార్లు అనే మాట "కితె కుదసాయ్". కి↓తె అంటే రండి. కితె అంటే వేసుకోండి. అక్షరాలు అవే, పొడుగు అదే, తేడా అంతా పడటంలోనే.

చేతిలో పజామా పట్టుకుని అంటే ఎవరికైనా అర్థమవుతుంది, ఒప్పుకుంటా. కానీ ఒక అవ్వ ఉంది, వెనకనుంచి పిలుస్తాం, చేతిలో ఏముందో కనపడదు. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నటి శబ్దాలనే తినేస్తుంది. స, త, క లాంటి హల్లులు పోతాయి, గొంతు ఎత్తు, పల్లం మాత్రం చాలాకాలం వినిపిస్తుంది. పైగా మాకు మాస్కు. అలాంటి మనిషికి నా హల్లుల కంటే నా రాగమే ఎక్కువ అందుతోంది. మా సీనియర్ ఒకావిడ అవ్వలతో గట్టిగా అరవదు, ఆ పడే చోటుని కాస్త సాగదీసి స్పష్టంగా దించుతుంది. పని అయిపోతుంది. నేను ఈ సంగతంతా పుస్తకంలో కాదు, ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్నా.

ఇంకొకటి. ఒబసన్ అంటే అత్త, పిన్ని వయసు ఆవిడ. ఒబ↓అసన్ అంటే అవ్వ. దీర్ఘం ఒక్కటే తేడా అనుకుంటారు అందరూ, పడటం కూడా తేడాయే. మన తెలుగువాళ్ళకి దీర్ఘం నల్లేరు మీద నడక, దానికి తోడు ఇది కూడా కలిస్తే తిరుగుండదు.

ఘనపాఠి_మనవడు
తెల్లకోటు గారు దీర్ఘం అన్నారు కాబట్టి ఒక మాట. రాజు గారు "మాత్ర" అని ఊరికే అనలేదు. జపనీస్ లెక్క మన ఛందస్సు లెక్కకి దాదాపు సరిపోతుంది. నిహొన్: ఒక లఘువు, ఒక గురువు, మూడు మాత్రలు. నిప్పొన్: రెండు గురువులు, నాలుగు. తోక్యో కూడా నాలుగే. హైకూలో 5-7-5 కూడా ఈ మాత్రలే. స్కూల్లో గణవిభజన చేసినవాళ్ళకి ఇదొక వరం.

రెండోది, ఎత్తు పల్లాల వల్ల అర్థం మారడం మన నేలకి కొత్తేమీ కాదు. మా తాతగారి దగ్గర కూర్చుని కాస్త వేదం వల్లించాను. ఉదాత్తం (ఎత్తు), అనుదాత్తం (పల్లం), స్వరితం అని. ఇంద్రశత్రు కథ అక్కడ మొదటిపాఠం లాంటిది. త్వష్ట ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేస్తూ "ఇంద్రశత్రుః" అన్నాడు. ఉదాత్తం చివర పడాలి, అప్పుడు ఇంద్రుణ్ణి చంపేవాడు. మొదట పడింది, కాబట్టి ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు అయ్యాడు. ఆ కొడుకు, వృత్రుడు, ఇంద్రుడి చేతిలోనే పోయాడు. 

అయితే వేదం వచ్చినంత మాత్రాన జపనీస్ వచ్చేయదు, అది నా అనుభవం. అక్కడ ప్రతి అక్షరానికీ స్వరం గుర్తు చూసుకుని పలుకుతాం. ఇక్కడ అలా ఒక్కో అక్షరాన్ని పట్టుకుంటే మంత్రం చదివినట్టే ఉంటుంది. ఒక్క మెట్టు దిగి వదిలేయాలి.

ఒసాకా_బావ
మీరంతా టోక్యో టోక్యో అంటున్నారు, మా ఊరి సంగతి చెప్తా వినండి. ఒసాకాలో, క్యోటోలో హ↓షి అంటే వంతెన. తారుమారు. చాప్‌స్టిక్స్‌కి కింద మొదలై పైకి పోతుంది. థాంక్యూ చెప్పేటప్పుడు టోక్యోలో అరి↓గతో, మా దగ్గర అరిగతొ↓ఒ. మొదట్లో నా తల తిరిగిపోయింది. క్లాసులో ఒకటి, లంచ్‌లో ఒకటి.

మా వాళ్ళు దీనికి ఏమాత్రం సిగ్గుపడరు, పైగా గర్వం. రాజధాని వెయ్యేళ్ళు క్యోటోనే కదా అంటారు. నిజానికి 11, 12 శతాబ్దాల నాటి రుయిజు మ్యోగిషో అనే నిఘంటువులో మాటల పక్కన స్వరం చుక్కలు పెట్టి ఉంటాయి, అవి క్యోటో స్వరాలు. అప్పటికి టోక్యో అనే పేరే లేదు.

నా సలహా: మీరు ఎక్కడ ఉన్నా నేర్చుకునేది టోక్యోది నేర్చుకోండి. ఇక్కడివాళ్ళు టీవీలో రోజూ వింటారు, వాళ్ళకి ఇబ్బంది లేదు. సగం కన్సాయ్ (మా ఒసాకా, క్యోటో వైపుది), సగం టోక్యో కలిపి కిచిడీ చేస్తేనే వినేవాళ్ళకి చిరాకు.

సెందాయ్_చలి
మా ఊళ్ళో వంతెనా, చాప్‌స్టిక్సూ, అంచూ అన్నీ ఒకటే. సెందాయ్ పాత యాసలో మాటకి పిచ్ యాక్సెంటే లేదు. ఫుకుషిమా, ఇబారకి, తొచిగి, కిందికి పోతే మియజకి కూడా అంతే. అంటే జపాన్‌లో పుట్టిపెరిగిన కొన్ని లక్షలమంది ఈ తేడా లేకుండానే బతికేశారు. మా ల్యాబ్‌లో ఇబారకి కుర్రాడు ఒకడున్నాడు, టోక్యో స్నేహితులు వాడితో "అమె" అనిపించి ఆటపట్టిస్తుంటారు. వాడు "నాకు వినపడదు, వదిలేయండి" అంటాడు. కాబట్టి చింతచిగురు గారూ, వినపడకపోవడం జబ్బేమీ కాదు. రెడ్డి గారి వైపే నేను కొంచెం.

చింతచిగురు
అందరికీ థాంక్స్. కితె ఉదాహరణ చూసి వదిలేయలేను అనిపిస్తోంది. అయితే ప్రతి మాటకీ అంకె బట్టీ కొట్టాలా? క్రియలు ఎన్ని రూపాలు మారతాయో తలుచుకుంటేనే భయం వేస్తోంది.

గ్రాఫుల_రాజు
క్రియల దగ్గరే హాయి. క్రియలు రెండే జాతులు, పడేవి, పడనివి. తబె↓రు (తినడం), నొ↓ము (తాగడం) పడేవి. ఇకు (వెళ్ళడం) పడనిది. జాతి తెలిస్తే మిగతా రూపాలు చాలావరకు వాటంతట అవే వస్తాయి: త↓బెతె, నొ↓న్దె, తబె↓నాయ్. ఇకు జాతికి ఇత్తె, ఇకనాయ్, ఎక్కడా పడదు. ఇంకా హాయి ఏంటంటే, మర్యాదగా "మసు" చేర్చారంటే జాతిభేదం పోతుంది. ఏ క్రియ అయినా మ↓సు, మసె↓న్, మ↓షిత. మీరు ఇప్పటికి ఎక్కువ మాట్లాడేది ఆ రూపాల్లోనే. ఆ మూడూ సరిచేసుకుంటే సగం వాక్యాలు చక్కబడతాయి.

సమాసాలకీ పద్ధతి ఉంది. కెయితాయ్ పడదు, దెన్వ పడదు. రెండూ కలిస్తే మాత్రం కెయితాయ్‌దె↓న్వ (సెల్‌ఫోన్). టోక్యో, దాయిగకు (యూనివర్సిటీ) కూడా అంతే, విడిగా పడవు, కలిస్తే తోక్యోద↓యిగకు. ఎక్కువసార్లు రెండో మాట మొదట్లో పడుతుంది.

బయటినుంచి వచ్చిన మాటలకి చివరినుంచి మూడో మాత్ర చూడండి. కురిసు↓మసు (క్రిస్మస్), ఒరె↓న్‌జి (ఆరెంజ్). ఆ మూడోది దీర్ఘం తోకో, "న్" సున్నో అయితే ఒకటి వెనక్కి: ఎరెబె↓ఎతా (ఎలివేటర్). దీనికి జారిపోయేవీ ఉన్నాయి, అమెరికా పడదు, ఇతరియ (ఇటలీ) పడదు.

చెవికి మాత్రం వేరే దారి లేదు, జంటలు వినాలి. ఏది ఏదో చూడకుండా విని, అ↓మెనా అమెనా చెప్పి, అప్పుడు జవాబు చూసుకోవాలి. అర్థం చూసి వింటే చెవి బద్ధకిస్తుంది. ఇంకొకటి, గొంతు కనపడితే నమ్మకం వస్తుంది. ప్రాట్ అని ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మీ గొంతు, టీచర్ గొంతు పక్కపక్కన పెట్టి గీత చూడండి. మగవాళ్ళకి 75 నుంచి 300 హెర్ట్జ్, ఆడవాళ్ళకి 100 నుంచి 500 పెట్టుకుంటే సరిపోతుంది. "అషిత↓" (రేపు) రికార్డు చేస్తే మధ్యలో గీత తెగిపోతుంది, కంగారు పడకండి. అక్కడ "షి"లో అచ్చు గుసగుసగా పోతుంది, గొంతు మోగదు, అందుకే గీత రాదు.

తెల్లకోటు
నాకు గ్రాఫులు ఎక్కవు. టోక్యో యూనివర్సిటీ వాళ్ళ ఓజాడ్ అనే సైట్ ఉంది, ఉచితం. అందులో సుజుకి-కున్ దగ్గర వాక్యం పేస్ట్ చేస్తే పైన కొండలు, లోయలు గీసి చూపిస్తుంది, చదివి వినిపిస్తుంది. రేపటి షిఫ్టులో అనాల్సిన వాక్యాలు రాత్రి అందులో వేసుకుని దానితో పాటే అంటుంటా. మిషన్ కాబట్టి పేర్లు, కొత్త మాటల దగ్గర ఒక్కోసారి తప్పు చూపిస్తుంది. అనుమానం వస్తే మనిషిని అడగడమే.

రామెన్_రెడ్డి
సరే, ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. మనుషుల పేర్లు. అక్కడ వాక్యం వచ్చి కాపాడదు, పైగా ఎవరి పేరు వాళ్ళకి ముద్దు.

చింతచిగురు
భలే సమయానికి అన్నారు! వచ్చేవారం ఇంటర్వ్యూ ఉంది. ఒకరు సతోసన్, ఇంకొకరు సుజుకిసన్ ("సన్" అంటే మన "గారు"). నేను మొదట చెప్పేది ఇది: "ఇన్దొ కర కిమషిత. బొగొ వ తెరుగుగొ దెసు." (ఇండియా నుంచి వచ్చాను. మాతృభాష తెలుగు.) ఎవరైనా గుర్తులు పెట్టి ఇవ్వగలరా?

గ్రాఫుల_రాజు
స↓తో మొదట్లోనే పడుతుంది. సుజుకి, తనక, యమద, నకముర ఇవేవీ పడవు. వెనక "సన్" చేర్చినా మారదు: స↓తోసన్, సుజుకిసన్.

మీ వాక్యం: ఇ↓న్దొ కర కిమ↓షిత. బొ↓గొ వ తెరుగుగొ దె↓సు. భాష పేరు వెనక "గొ" వస్తే మాటంతా చదును, నిహొంగొ లాగే. చివరి "సు"లో ఉకారం దాదాపు వినిపించదు, దాన్ని మన "సు"లాగా నిండుగా అనకండి. రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, వింటాం.

ఒసాకా_బావ
కంపెనీ ఒసాకాదైతే ముందే చెప్పండి, ఆ సతోసన్‌ని మా వాళ్ళు ఎలా అంటారో నేను ఆఫీసులో అడిగి చెప్తా.