బెజవాడలో ఒక్క రోజు, ఇద్దరం: గుడి, గుహలు, బిర్యానీ అన్నీ కుదురుతాయా?

గోదారిగట్టు:
డిసెంబర్‌లో ఒక శనివారం నేనూ మా ఆవిడా రాజమండ్రి నుంచి బెజవాడ వద్దామనుకుంటున్నాం. పొద్దున ఆరింటికల్లా స్టేషన్‌లో దిగుతాం, రాత్రి పదిన్నరకి తిరుగు రైలు. రూమ్ తీసుకోం, సొంత బండి లేదు, ఆటోలే గతి. అమ్మవారి దర్శనం తప్పనిసరి, అందులో బేరం లేదు. ఆ పైన ఉండవల్లి గుహలు, భవానీ ద్వీపం, కొండపల్లి, మంగళగిరి అని తను ఒక చీటీ రాసింది, చూస్తే వారం రోజుల పని. నాకు కావాల్సింది రెండే, పొద్దున మంచి ఇడ్లీ, మధ్యాహ్నం ఉలవచారు బిర్యానీ. చిక్కేంటంటే శనివారం తను నీచు ముట్టదు. ఎదురుగా తను పప్పన్నం తింటుంటే నాకు బిర్యానీ ఏం సయిస్తుంది? ఆదివారానికి మార్చుకుందామంటే కొండ మీద రష్ అంటున్నారు. ఏ రోజు రమ్మంటారు, ఏవి వదిలేయమంటారు?

గాంధీనగర్‌వాసి:
శనివారమే రండి. శుక్రవారం, ఆదివారం క్యూలో నిలబడితే మీ చీటీలో మిగతావన్నీ కొట్టేసుకోవాల్సిందే. డిసెంబర్ అంటున్నారు కాబట్టి భవానీ దీక్షల విరమణ ఎప్పుడో కూడా ముందే చూసుకోండి. ఆ నాలుగైదు రోజులూ ఎక్కడెక్కడి నుంచో ఎర్రబట్టల భవానీలు దిగుతారు, ట్రాఫిక్ మళ్లిస్తారు, ఆటోవాడు సగం దారిలోనే దింపేస్తాడు.

దిగగానే బ్యాగు క్లోక్‌రూమ్‌లో పడేయండి. గాంధీనగర్ స్టేషన్‌కి దగ్గరే, బాబాయ్ హోటల్‌లో ఇడ్లీ మీద వెన్న వేయించుకుని కారప్పొడితో తినేసి నేరుగా కొండకి వెళ్లిపోండి. గుళ్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, చీర, పంచె లాంటివి కట్టుకుంటే గుమ్మం దగ్గర పేచీ ఉండదు. మధ్యాహ్నం మహానివేదన వేళ దర్శనం కాసేపు ఆపుతారు కాబట్టి తొమ్మిదిన్నర, పదింటికల్లా కిందికి వచ్చేసేలా చూసుకోండి.

ఇక ఆ చీటీ సంగతి. మధ్యలో కృష్ణ పెట్టి దాన్ని రెండుగా చించండి. ఇవతల ఒడ్డున గుడి, భవానీ ద్వీపం, హైదరాబాద్ రోడ్డు వైపు కొండపల్లి. అవతల ఒడ్డున ఉండవల్లి, మంగళగిరి. గుడి అయ్యాక ఏదో ఒక ఒడ్డే పెట్టుకోండి. రెండూ అనుకుంటే ఆటోలో కూర్చోవడమే తప్ప చూసేదేం ఉండదు. నన్నడిగితే అవతలి ఒడ్డు.

పోనికిచెక్క:
పైన చెప్పినాయన కొండపల్లిని ఇంత తేలిగ్గా కొట్టేయడం నాకు నచ్చలేదు. బొమ్మలు షోరూమ్‌లో కొనడం వేరు, చేసేచోట చూడడం వేరు. తెల్లపోనికి కర్రని ఆరబెట్టి చెక్కుతారు, చేతులూ కాళ్లూ విడివిడిగా చేసి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు, ఆ తర్వాతే రంగులు. కర్ర ఎంత తేలికంటే అంబారీ ఏనుగుని చేతిలో పెడితే ఉత్త డొల్లేమో అనిపిస్తుంది. మీ ఆవిడ సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే మనిషైతే ఇది వదలొద్దు. కోట మాత్రం ఈసారికి వద్దు. రెడ్డిరాజుల కాలం నాటిది, బాగుంటుంది, కానీ కొండెక్కి దిగేసరికి పూట గడిచిపోతుంది.

కృష్ణలంక అక్కయ్య:
బొమ్మలు లేపాక్షి షోరూమ్‌లోనూ దొరుకుతాయి తమ్ముడూ, పానకాలస్వామి మాత్రం మంగళగిరిలోనే ఉంటాడు. స్వామి నోట్లో పానకం పోస్తే సగం తాగి సగం వదిలేస్తాడని నమ్మకం, ఆ మిగిలిందే ప్రసాదం. ఒక్కటి గుర్తు పెట్టుకోండి, కొండ మీద గుడి మధ్యాహ్నం దాటాక మూసేస్తారు, రాత్రి పూజ దేవతలదట. అందుకని ముందు మంగళగిరి, తర్వాత ఉండవల్లి. చాలామంది దారిలో ముందు తగులుతుంది కదా అని గుహల దగ్గర ఆగుతారు, వీళ్లు మంగళగిరి చేరేసరికి అక్కడ తలుపులు వేసి ఉంటాయి. కింద లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులు, తల ఎత్తితే మెడ పడుతుంది. చీరల కొట్లు అక్కడే. నిజాం అంచు ఉన్న నూలు చీర తీసుకోమను అమ్మాయిని, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. మీరు మాత్రం బయట కూర్చోండి, పక్కన నిలబడి టైమ్ చూసుకుంటూ ఉంటే ఆవిడకి టెన్షన్.

గోదారిగట్టు:
అక్కయ్యగారూ, బయటే కూర్చుంటాను, మాటిచ్చాను. అయితే భవానీ ద్వీపం వదిలేయడమేనా? గుహల్లో అంత చూసేదేముంది?

ఎర్రబస్సు:
ద్వీపం పిల్లలున్న వాళ్లకి, పడవ కోసం కాసుకునే ఓపిక ఉన్నవాళ్లకి. వరద రోజుల్లో అయితే పడవలే ఆపేస్తారు, డిసెంబర్‌లో ఆ బాధ ఉండదనుకోండి.

ఉండవల్లి అలా కాదు. కొండనే నాలుగు అంతస్తులుగా తొలిచారు. కింద ఏదో మామూలు మండపంలా ఉంటుంది, పైకి వెళ్తే చీకట్లో అనంతపద్మనాభుడు పడుకుని ఉంటాడు, 16 అడుగుల పైచిలుకు ఒకటే విగ్రహం, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా మొత్తం రూపం అందదు. బయటికొస్తే కింద పొలాలు, దూరంగా కృష్ణ. సాయంత్రానికి మూసేస్తారు కాబట్టి మూడున్నరకల్లా అక్కడుండండి. నేనైతే దుర్గ గుడి కన్నా ఇక్కడే ఎక్కువసేపు కూర్చుంటాను, కొండ మీదివాళ్లు ఏమనుకున్నా సరే.

వచ్చేటప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆటో వదిలేసి నడవండి. 1.2 కిలోమీటర్లు, 70 గేట్లు, 1957లో కట్టింది, అంతకుముందు అక్కడ ఇంగ్లీషువాళ్ల ఆనకట్ట ఉండేది. 2024 సెప్టెంబర్‌లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద దీని మీదుగానే వెళ్లింది, అప్పుడు ఊళ్లో సింగ్‌నగర్ మునిగింది మాత్రం బుడమేరు వాగు వల్ల, బయటివాళ్లు రెండూ కలిపేసి మాట్లాడతారు. ఇవతలికి వచ్చాక ఏ బండి దగ్గర జనం మూగి ఉంటే అక్కడ పునుగులు తినండి, అల్లం చట్నీ మళ్లీ అడిగి వేయించుకోండి. చల్లారిన పునుగులు ఇస్తే వద్దని చెప్పి వచ్చే వాయి దాకా ఆగండి.

బాపూ మ్యూజియం గురించి ఎవరూ చెప్పలేదేంటి? బందరు రోడ్డులోనే ఉంది. 1921లో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా అందించింది ఆ ప్రాంగణంలోనే. చీరల దగ్గర టైమ్ మిగిలితే చూడండి, మిగలదనుకోండి.

గోదారిగట్టు వాళ్లావిడ:
ఆ చీటీ రాసింది నేనే. శనివారమే వస్తున్నాం. గుడి, పానకాలస్వామి, చీరలు, గుహలు, బ్యారేజీ, ఈ వరసలో. కొండపల్లికి సంక్రాంతి ముందు మళ్లీ వస్తాం, నాకు కొలువు ఉంది కాబట్టి ఆ ట్రిప్ ఎలాగూ తప్పదు. ఆయన నా ఎదురుగా బిర్యానీ తిన్నా నాకేం అభ్యంతరం లేదు, ఈ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడేమో రాత్రికి పార్శిల్ కట్టించుకుని, రైల్లో పన్నెండు దాటాక ఆదివారం వచ్చేస్తుంది కదా, ఇద్దరం కలిసి తిందాం అంటున్నారు. ఉలవచారు బిర్యానీ అంతసేపు ఉంటుందా?

గాంధీనగర్‌వాసి:
ఉంటుందమ్మా. తొమ్మిది తర్వాత కట్టించుకోండి, పెరుగు పచ్చడి మాత్రం వేరుగా కట్టమనండి. స్పూన్లు అడిగి తీసుకోండి, చాలాచోట్ల మర్చిపోతారు. పన్నెండింటికి బోగీలో లైట్లార్పేసి ఉంటాయి, వాసనకి పక్క బెర్తువాళ్లు లేస్తే వాళ్లకీ కాస్త పెట్టండి.